ఎండ తిని బతికే నత్త

2010లో రెండు వార్తలు కొద్ది నెలల తేడాతో వచ్చాయి. జనవరిలో వచ్చింది అమెరికా వార్త. సగం జంతువు, సగం మొక్క అయిన ఒక సముద్రపు నత్త ఉందనీ, అది నాచు నుంచి జన్యువులు దొంగిలించి మొక్కలాగా ఎండతో తన తిండి తానే తయారుచేసుకుంటోందనీ దాని సారాంశం. ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది అహ్మదాబాదు వార్త. ప్రహ్లాద్ జానీ అనే సాధువు డెబ్బై ఏళ్ళుగా అన్నం, నీళ్ళు ముట్టలేదట. ఆయన్ని రెండు వారాలు ఆస్పత్రిలో పెట్టి డాక్టర్లు, రక్షణ పరిశోధన సంస్థ వాళ్ళు పరీక్షించి తెల్లబోయారట.

రెండో వార్త సంగతి మన పాఠకులకు కొత్త కాదు. సాధువు కెమెరా కంటికి అందకుండా ఎందుకు కదిలాడు, భక్తుల్ని ఎందుకు కలవనిచ్చారు, ఎండ కోసమని గది బయటికి ఎందుకు పంపారు అని సనల్ ఎడమరుకు అప్పుడే అడిగాడు. పుక్కిలించడానికీ స్నానానికీ నీళ్ళిచ్చి "నీళ్ళు ముట్టలేదు" అనడం ఏమిటో ఎవరికైనా అర్థమవుతుంది. కానీ మొదటి వార్త ఏమయిందో చాలామందికి తెలియదు. అది చెప్పింది సాధువు కాదు, శాస్త్రవేత్తలు. దాన్ని నిలదీసింది కూడా శాస్త్రవేత్తలే. ఆ కథ చెప్పుకోవాలంటే ముందు ఆ నత్త ఎక్కడ బతుకుతుందో, ఏం తింటుందో తెలియాలి.

దాని పేరు ఎలీసియా క్లోరోటికా. గుల్ల లేని నత్త. రెండు మూడు సెంటీమీటర్లుంటుంది, బాగా పెరిగితే ఆరు సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఒంటికి రెండు వైపులా రెక్కల్లాంటి మడతలుంటాయి. అవి విప్పుకుని పడుకుంటే అచ్చం ఆకే. రంగు ఆకుపచ్చ, పైన ఈనెలు పరిచినట్టు గీతలు. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో, కెనడాలోని నోవా స్కోషియా నుంచి కిందికి ఫ్లోరిడా దాకా దొరుకుతుంది. నడిసముద్రంలో కాదు, ఒడ్డున. ఆటుపోట్లకు తడుస్తూ ఆరుతూ ఉండే ఉప్పు చిత్తడి నేలల్లో, లోతు లేని మడుగుల్లో, సన్నని పాయల్లో. మన తీరంలో పర్ర అంటామే, అలాంటి నేలన్నమాట. వాన పడితే అక్కడి నీళ్ళు దాదాపు మంచినీళ్ళవుతాయి, ఎండ కాస్తే సముద్రం కంటే ఉప్పగా అవుతాయి. ఈ రెండూ తట్టుకోగలగడం దీని ప్రత్యేకత. దీని మీద ఎక్కువ కాలం పనిచేసిన సిడ్నీ పియర్స్ అసలు ఈ ఉప్పు సంగతి తేల్చడానికే దీని దగ్గరికి వచ్చాడు. పచ్చరంగు గొడవ తర్వాతది.

ఆ బురద మీద జంబుఖానా పరిచినట్టు పెరిగే నాచు ఒకటుంది, వాచేరియా లిటోరియా. నత్తకు తిండీ ఇల్లూ అదే. ఈ నాచు పోగు మామూలు మొక్కలాగా గదులు గదులుగా ఉండదు. మధ్యలో అడ్డుగోడలు లేని పొడుగాటి గొట్టం. లోపల కేంద్రకాలు, హరితరేణువులు అన్నీ కలిసి ద్రవంలో తేలుతుంటాయి. నత్త నోట్లో పళ్ళు ఒకే వరసలో ఉంటాయి. ఒక్కసారికి ఒక పన్నే వాడుతుంది. అరిగిపోయిన పళ్ళు నోటి కింద ఒక సంచిలో చేరతాయి. ఆ పంటితో గొట్టానికి చిల్లి పొడిచి లోపలిదంతా పీల్చేస్తుంది. తాటిముంజె కన్ను బొటనవేలితో పొడిచి జుర్రుకోవడం చూసినవాళ్ళకు ఇంతకంటే వర్ణించనక్కర్లేదు.

మామూలుగా అయితే తిన్నదంతా అరిగిపోవాలి. ఇక్కడే తిరకాసు. నాచులోని కేంద్రకాలూ మిగతా సరుకూ అరిగిపోతాయి, హరితరేణువులు అరగవు. ఈ నత్త జీర్ణనాళం చెట్టు కొమ్మల్లా చీలి ఒళ్ళంతా, రెక్కల చివరల దాకా పాకి ఉంటుంది. ఆకు మీద ఈనెల్లా కనబడేది అదే. ఆ నాళపు గోడల్లోని కణాలు హరితరేణువుల్ని మింగి దాచుకుంటాయి. దాచుకున్నవి నెలల తరబడి పనిచేస్తాయి. ప్రయోగశాలలో నాచు పెట్టకుండా, వెలుతురు మాత్రం ఇచ్చి ఉంచితే తొమ్మిది పది నెలలు బతికింది. దాని పూర్తి ఆయుష్షే అంత.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది. పిల్లలు పచ్చగా పుట్టవు. వసంతకాలంలో తల్లులు జిగురు తాళ్ళలో గుడ్లు పెట్టి దాదాపు అన్నీ ఒకేసారి చనిపోతాయి. చనిపోయే నత్తల కణాల్లో వైరస్‌లు కనిపించాయని పియర్స్ బృందం 1999లో రాసింది. గుడ్లలోంచి వచ్చే పిల్లలు కొన్నాళ్ళు నీళ్ళలో ఈదుతూ కంటికి కనపడని నాచుకణాలు తింటాయి. వాచేరియా తగిలితేనే దాని మీద దిగి నత్త రూపం తెచ్చుకుంటాయి. అప్పటికి వాటి రంగు గోధుమ, పైన ఎర్రచుక్కలు. వారం పైగా వరసగా తింటేనే పచ్చదనం నిలుస్తుంది. మధ్యలో నాచు తీసేస్తే రంగు పోతుంది. అంటే ప్రతి తరమూ మళ్ళీ మొదటినుంచి దొంగతనం మొదలుపెట్టాల్సిందే. పెద్దల ఆస్తి ఏమీ రాదు.

ఈ జాతికి పేరు పెట్టినవాడు బోస్టన్ వైద్యుడు అగస్టస్ గూల్డ్. మసాచుసెట్స్ రాష్ట్రపు వెన్నెముక లేని జంతువుల మీద ఆయన రాసిన పుస్తకం రెండో కూర్పులో, 1870లో, ఇది అచ్చయింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఈ నత్తల బంధువులు పచ్చగా ఎందుకుంటాయన్న ప్రశ్నకు చాలాకాలం తేలికైన జవాబే ఉండేది. పగడపు జీవుల్లో లాగా వీటి ఒంట్లో కూడా నాచుకణాలు అద్దెకుంటున్నాయని అనుకున్నారు. 1940లో యంగ్, నికొలస్ అనే ఇద్దరు కరీబియన్ సముద్రపు జాతిని పరిశీలించి అలాగే రాశారు. యంగ్ సామాన్యుడు కాదు, 1928లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బలకు వెళ్ళిన పెద్ద పరిశోధక బృందానికి నాయకుడు. మామూలు సూక్ష్మదర్శినిలో పచ్చని గుండ్రని చుక్క కనబడితే అది మొత్తం నాచుకణమో, దాని లోపలి భాగమో తేల్చడం కష్టం.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక తేలింది. 1965లో జపాన్‌లోని ఒకయామా విశ్వవిద్యాలయంలో కవాగుతి, యమసు అనేవాళ్ళు తమ తీరంలోని ఎలీసియా జాతిని, అది తినే నాచును పక్కపక్కన పెట్టి చూశారు. నత్త కణాల్లో ఉన్నవి నాచుకణాలు కావు. వట్టి హరితరేణువులు, అదీ సరిగ్గా ఆ నాచులోవే. ఈ ఫలితం వాళ్ళ విశ్వవిద్యాలయపు సొంత పత్రికలో అచ్చయింది. 1969లో రాబర్ట్ ట్రెంచ్ ఇంకో అడుగు వేశాడు. రేడియో కార్బన్ వాడి, ఆ హరితరేణువులు నత్త లోపల నిజంగానే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటున్నాయని నేచర్ పత్రికలో చూపించాడు. యంగ్, నికొలస్ చూసింది కూడా ఈ జాతినే.

ఇంతవరకు జరిగింది చూసి, కొట్టుపారెయ్యాల్సిన మాట ఒక్కటీ లేదు. నత్త హరితరేణువుల్ని దొంగిలిస్తుంది, అవి లోపల పనిచేస్తాయి. రెండూ నిజాలే. తగాదా అంతా దీని తర్వాత వచ్చిన రెండు ప్రశ్నల దగ్గర.

మొదటి ప్రశ్న: అవి అన్ని నెలలు ఎలా పనిచేస్తాయి? హరితరేణువు ఒంటరిగా బతికే వస్తువు కాదు. ఒకప్పుడది స్వతంత్రమైన బాక్టీరియానే. లిన్ మార్గులిస్ 1967లో ఆ పాత ఊహకు మళ్ళీ ప్రాణం పోసింది, తర్వాత ఆధారాలు గట్టిపడ్డాయి. కోట్ల ఏళ్ళ కాపురంలో దాని జన్యువుల్లో చాలావరకు మొక్క కేంద్రకంలోకి వలసపోయాయి. వాచేరియా హరితరేణువు దగ్గర మిగిలినవి ప్రోటీన్లకు సంబంధించినవి 140 దాకా. పనిచెయ్యడానికి కావలసిన ప్రోటీన్లు వేలల్లో. ముఖ్యంగా, వెలుతురు పట్టే యంత్రంలోని ప్రోటీన్లు వెలుతురుకే పాడవుతుంటాయి, ఎప్పటికప్పుడు కొత్తవి రావాలి. నాచులో అయితే కేంద్రకం పంపిస్తుంది. నత్త ఆ కేంద్రకాన్ని అరిగించుకుంది కదా! మరి సరుకు ఎవరు పంపుతున్నారు?

నత్తే పంపుతోంది అన్నది అందమైన జవాబు. ఎప్పుడో నాచు జన్యువులు నత్త క్రోమోజోముల్లోకి చేరి ఉండాలి. హరితరేణువుల చరిత్రలోనే అలాంటి వలస జరిగింది కాబట్టి ఇది పిచ్చి ఊహేమీ కాదు. 2008లో మెయిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ రంఫో బృందం ఆధారం దొరికిందంది. పీఎస్‌బీఓ అనే నాచు కేంద్రకపు జన్యువు నత్త డీఎన్‌ఏలో ఉందనీ, గుడ్లలో కూడా కనిపించిందనీ ప్రకటించింది. 2010 జనవరిలో పియర్స్, అప్పటికి సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఉన్నాడు, ఒక సదస్సులో ఇంకా ముందుకు పోయాడు. నత్త పత్రహరితాన్నే సొంతంగా తయారుచేస్తోందన్నాడు. పత్రికలు ఆ మాటను ఎత్తుకున్నాయి. ఒక బహుకణ జంతువు ఇంకో రాజ్యం జీవి నుంచి ఇంత పెద్ద పనికి జన్యువులు తెచ్చుకుని వాడుకుంటోందంటే జీవశాస్త్రంలో అది చిన్న విషయం కాదు. పాఠ్యపుస్తకాలు తిరగరాయాలి.

ఇక్కడ ఆ పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2008లో వాడింది పీసీఆర్. దాని పద్ధతి ఏమిటంటే, మనకు కావలసిన డీఎన్‌ఏ ముక్క ఫలానా అని చెబితే, గిన్నెలో ఒక్క కాపీ ఉన్నా వెతికి పట్టి కోట్ల కాపీలు చేస్తుంది. అది దాని గొప్పతనం, అదే దాని ప్రమాదం కూడా. నత్త ఒళ్ళంతా నాచు సరుకే. అది తిరిగేది నాచులో, గుడ్లు పెట్టేది నాచు ఉన్న నీళ్ళలో. ఎక్కడో ఒక పోగు ముక్క అంటుకున్నా పీసీఆర్ "ఉంది" అంటుంది. "ఉంది" అంటే క్రోమోజోములో ఉందా, గిన్నెలో ఉందా?

దీన్ని తేల్చే దారి ఒకటే. ఫలానా ముక్క కోసం వెతక్కుండా, గుడ్లలోని డీఎన్‌ఏ మొత్తం చదవడం. గుడ్లలో హరితరేణువులు ఉండవు. జన్యువు నిజంగా వంశపారంపర్యంగా వస్తుంటే ప్రతి గుడ్డులోనూ ఉంటుంది, పక్కనున్న నత్త జన్యువులు ఎన్నిసార్లు చదవబడితే ఇదీ దాదాపు అన్నిసార్లు కనబడాలి. అంటుకున్న మురికి అయితే ఎక్కడో ఒకటీ అరా తగులుతుంది. 2013లో ఆ పని చేశారు. నాచు కేంద్రకపు జన్యువులు నత్త గుడ్ల జీనోమ్‌లో ఉన్నాయనడానికి ఆధారం లేదని తేలింది. ఈ వ్యాసం రాసినవాళ్ళ పేర్లు చూడండి: దేబాశిష్ భట్టాచార్య మొదటి పేరు. చివరి పేరు మేరీ రంఫో.

అవును, 2008లో జన్యువు దొరికిందన్న రంఫోయే. ఒక సాధువు తన మహిమను తానే ఇంకా గట్టిగా పరీక్షించి "లేదు" అని సంతకం పెట్టిన సందర్భం మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

పియర్స్ మాత్రం ఒప్పుకోలేదు. 2014 చివర ఆయన బృందం, వెలుగు రంగు అంటించిన డీఎన్‌ఏ ముక్కతో నత్త క్రోమోజోము మీద ఒక నాచు జన్యువును చూశామని అచ్చువేసింది. 2015 ఫిబ్రవరిలో అది మళ్ళీ పెద్ద వార్త అయింది. 2013 నాటి "లేదు" మాత్రం ఏ పత్రికలోనూ ఆ స్థాయిలో మొదటి పేజీ కెక్కిన పాపాన పోలేదు. ఈలోగా దగ్గరి జాతుల మీద కూడా పని జరిగింది. 2011లో వేగెలె బృందం రెండు జాతుల్లో చురుకుగా ఉన్న జన్యువులు వెతికితే నాచువి కనబడలేదు. 2021లో జపాన్ వాళ్ళు ప్లాకోబ్రాంకస్ అనే ఇంకో పచ్చనత్త జీనోమ్ మొత్తం చదివారు. అందులోనూ లేవు. ఒక రంగుచుక్క ఒకవైపు, పూర్తి జీనోములు రెండోవైపు. ఏది బరువో పాఠకులే చూసుకోవచ్చు.

మరి రేణువులు ఎలా నిలుస్తున్నాయి? 2013లోనే ఒక సూచన వచ్చింది. పాడైన వెలుతురు యంత్రాన్ని బాగుచేసే ఎఫ్‌టీఎస్‌హెచ్ అనే ప్రోటీన్ జన్యువు చాలా మొక్కల్లో కేంద్రకానికి వలసపోయింది, వాచేరియా లాంటి కొన్ని నాచుల్లో మాత్రం హరితరేణువులోనే ఉండిపోయింది. అంటే పనిముట్లపెట్టె వెంట తెచ్చుకున్న రేణువులు ఎక్కువకాలం ఆడతాయి. గొప్ప నత్తది కాకపోవచ్చు, నాచుది కావచ్చు. తర్వాత 2025లో హార్వర్డ్ పరిశోధకులు ఇంకో జాతిలో, ఎలీసియా క్రిస్పాటాలో, మరో ముక్క చూపించారు. నత్త కణం మింగిన రేణువుల్ని ప్రత్యేకమైన పొర సంచిలో ఉంచి, లోపలి వాతావరణం వాటికి అనుకూలంగా నడుపుతోంది. జన్యువులు దొంగిలించనక్కర్లేదు, ఇల్లు బాగా చూసుకుంటే చాలు.

రెండో ప్రశ్న ఇంకా మోటుది. ఎండే తిండి అంటున్నారు కదా, ఎండ లేకుండా ఉంచి చూశారా? చీకటి పరీక్ష కొత్తది కాదు. 1975లో హైండ్, స్మిత్ యూరప్ జాతి ఎలీసియా విరిడిస్‌ను పస్తు పెట్టి, వెలుగులో ఉన్నవి చీకట్లో ఉన్నవాటి కంటే నెమ్మదిగా చిక్కుతున్నాయని చూపారు. గమనించండి, వెలుగులో ఉన్నవీ చిక్కాయి. తర్వాతి ఏళ్ళలో జన్యువుల జోరులో ఈ మాట అడిగేవాళ్ళు తగ్గారు. 2013 చివర జర్మనీలో గ్రెగర్ క్రిస్టా బృందం మళ్ళీ అడిగింది. ఎలీసియా టిమిడా, ప్లాకోబ్రాంకస్ నత్తలను కొన్నిటిని వెలుగులో, కొన్నిటిని కటిక చీకట్లో, ఇంకొన్నిటిని వెలుగులోనే ఉంచి కిరణజన్య సంయోగక్రియను ఆపే మందు కలిపి, తిండి లేకుండా వారాల తరబడి ఉంచారు. మూడు రకాలూ బతికాయి. తగ్గిన బరువులోనూ పెద్ద తేడా లేదు. వెలుగులో కార్బన్ పట్టుకోవడం నిజమే, బతకడానికి అది తప్పనిసరి మాత్రం కాదు. హరితరేణువుల్ని మెల్లగా అరిగించుకునే గాదెలా వాడుతుండవచ్చని వాళ్ళ అభిప్రాయం. ఇక్కడ న్యాయంగా ఒకటి చెప్పాలి: ఈ పరీక్షలో ఎలీసియా క్లోరోటికా లేదు. ఒక జాతి ఫలితాన్ని ఇంకో జాతికి అంటగట్టకూడదు. పైగా 2021లో పోర్చుగల్ పరిశోధకులు టిమిడా మీదే చేసిన పనిలో, వెలుగు అందిన నత్తలు గుడ్లు ఎక్కువ పెట్టాయనీ, పట్టుకున్న కార్బన్ గుడ్ల దాకా వెళ్ళిందనీ తేలింది. కాబట్టి ఎండ వట్టి అలంకారం కాదు, అసలు భోజనమూ కాదు.

ఈ నత్త పేరు చెప్పి "జంతువు చెయ్యగలిగితే మనిషెందుకు చెయ్యలేడు" అనేవాళ్ళకు ఒక లెక్క. మన దేశంలో బాగా ఎండ కాసే రోజు చదరపు మీటరుకు పడే శక్తి సుమారు 5 యూనిట్లు, కరెంటు బిల్లు యూనిట్లే. మనిషి చర్మం రెండు చదరపు మీటర్లకు లోపు, ఒకసారికి ఎండ తగిలేది అందులో సగం. చర్మమంతా ఆకే అనుకుందాం. మంచి పంట మొక్క ఎండలో నూటికి ఒకటో రెండో వంతులే ఆహారంగా మారుస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బట్టల్లేకుండా ఎండలో పడుకుంటే చేతికొచ్చేది 40 నుంచి 80 కేలరీలు. ఒక ఇడ్లీ, మహా అయితే రెండు. రోజుకు కావలసింది రెండువేలు. నత్తకు ఈ బేరం కొంతైనా గిట్టడానికి కారణం, అది పల్చగా ఆకులా ఉండటం, చల్లటి నెత్తురు కావడం, బురదలో పెద్దగా కదలకపోవడం. సూర్యుణ్ణి చూసి బతుకుతున్నానన్న కేరళ హీరా రతన్ మానెక్ అంత పల్చన కాదు. "ఈట్ ద సన్" అనే 2011 నాటి డాక్యుమెంటరీలోనే శాన్‌ఫ్రాన్సిస్కో హోటల్లో నిండు పళ్ళెం ముందు కూచుని దొరికిపోయాడు.

నత్త దగ్గర ఆ దాపరికం కూడా లేదు. 2025 నాటి హార్వర్డ్ పనిలో పస్తుపెట్టిన నత్తలు ఏం చేశాయో రాశారు. ఆకలి ముదిరాక, ఇన్నాళ్ళూ జాగ్రత్తగా కాపాడిన హరితరేణువుల్నే అరిగించుకోవడం మొదలుపెట్టాయి. ఒళ్ళు ఆకుపచ్చ నుంచి నారింజ రంగుకు తిరిగింది, శిశిరంలో ఆకు రంగు మారినట్టు.